నిజాం క్లోరోఫారం, బొగ్గు బాయి పిట్ట

1889లో నిజాం రాజ్యంలో రెండు పెద్ద పనులు జరిగాయి. ఇల్లందు దగ్గర సింగరేణి అనే ఊరి పక్కన భూమి పొరల్లోంచి బొగ్గు తీయడం మొదలైంది. అదే ఏడాది చివర హైదరాబాదులో కుక్కలకు, కోతులకు, మేకలకు, పిల్లులకు, కుందేళ్లకు, ఆఖరికి గుర్రాలకు కూడా క్లోరోఫారం పట్టి, ముందు ఊపిరి ఆగుతుందా, గుండె ఆగుతుందా అని డాక్టర్లు వరసగా రాసుకుంటూ పోయారు. రెండు పనులూ ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఏలుబడిలోనివే. మొదటి కథ బొగ్గు గనుల ఊరు గోదావరిఖనిలో బడిపిల్లలకు కూడా తెలుసు. డిసెంబరు 23న సింగరేణి డే నాడు ఏటా చెప్పుకుంటారు. రెండో కథను మాత్రం హైదరాబాదే దాదాపు మరిచిపోయింది. కొత్త మందులను మూగజీవాల మీద పరీక్షించడం ధర్మమా అన్న ప్రశ్న మనకు ఈమధ్యే బయటి నుంచి వచ్చిందనుకునేవాళ్లు ఈ రెండో కథ తప్పక తెలుసుకోవాలి.

బొగ్గు సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు పొరలను గుర్తించాడు. గనుల హక్కులు హైదరాబాద్ దక్కన్ కంపెనీ పేరుతో 1886లో లండన్ వ్యాపారుల చేతికి వెళ్లాయి. ఆ హక్కుల బేరంలో, వాటాల అమ్మకంలో అక్రమాలు జరిగాయని గగ్గోలు లేచింది. 1888లో బ్రిటిష్ కామన్స్ సభ ప్రత్యేక కమిటీ వేసి మరీ విచారణ జరిపింది. 1920లో కంపెనీ పేరు సింగరేణి కాలరీస్‌గా మారింది. గోదావరి ఒడ్డున రామగుండం దగ్గర బాయిలు తెరుచుకుని, ఇంక్లైన్ల చుట్టూ కాలనీలు లేచి, గోదావరిఖని ఊరుగా ఎదిగింది మాత్రం 1960 దశకంలో.

ఇక క్లోరోఫారం. 1847 నవంబరులో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ దీన్ని మత్తుమందుగా ముందుకు తెచ్చాడు. అంతకుముందు శస్త్రచికిత్స అంటే నలుగురు మనుషులు రోగిని అదిమిపట్టుకోవడమే. కాబట్టి జనం దాన్ని వరంగా చూశారు. మూడు నెలలు తిరక్కుండానే, 1848 జనవరి 28న న్యూకాసిల్ బొగ్గు ప్రాంతంలో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫారం పీల్చి, అక్కడికక్కడే చనిపోయింది. ఆ తర్వాత అలాంటి చావులు అక్కడొకటి ఇక్కడొకటి వినిపిస్తూనే వచ్చాయి. ఎందుకు చనిపోతున్నారన్న దగ్గర డాక్టర్లు రెండుగా చీలారు. ఎడిన్‌బరో వాళ్లు ఊపిరి మీద కన్నేసి ఉంచితే చాలు, గుండెకు ఏమీ కాదన్నారు. లండన్ వాళ్లు గుండే హఠాత్తుగా ఆగిపోతోందని, చేయి నాడి మీది నుంచి తీయవద్దని అన్నారు.

హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఎడిన్‌బరోలో చదివినవాడు. హైదరాబాద్ మెడికల్ స్కూల్ కూడా ఆయన చేతికిందే నడిచేది. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా పేరుపడ్డ రూపాబాయి ఫర్దూన్‌జీ 1889లో చదువు పూర్తి చేసింది ఆ స్కూల్లోనే. తన ఆసుపత్రుల్లో వేలమందికి క్లోరోఫారం ఇచ్చినా ఒక్క ప్రాణమూ పోలేదని లారీ ధీమా. ఆ ధీమాను శాస్త్రంగా నిలబెట్టాలని 1888లో నిజాం ప్రభుత్వ ఖర్చుతో మొదటి హైదరాబాద్ క్లోరోఫారం కమిషన్ వేయించాడు. వందకు పైగా కుక్కలను చంపి, ప్రతిసారీ ఊపిరే ముందు ఆగింది, గుండె తర్వాతే ఆగింది అని తేల్చాడు. లండన్ వైద్యపత్రిక లాన్సెట్ నమ్మలేదు. అప్పుడు నిజాం ప్రభుత్వం ఆ పత్రికకు 1000 పౌండ్లు ఇవ్వజూపి, మీకు నమ్మకమైన మనిషిని పంపించి కళ్లారా చూసుకోండి అంది. లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు. గుండెనొప్పికి అమైల్ నైట్రైట్ వాడొచ్చని 1867లోనే చూపించిన పేరున్న వైద్యుడాయన. క్లోరోఫారం గుండెను దెబ్బతీస్తుందన్న లండన్ అభిప్రాయంతోనే ఓడ దిగాడు.

రెండో కమిషన్ పని 1889 చివరి నెలల్లో సాగింది. జంతువు రక్తనాళానికి గొట్టం తగిలిస్తే, రక్తపు ఒత్తిడి ఎక్కి దిగుతున్నకొద్దీ మసిపట్టించిన కాగితం చుట్టిన డ్రమ్ము మీద సన్నటి ముల్లు కదిలి తెల్లగీత గీస్తుంది. గీత కిందికి జారడం ఎప్పుడు మొదలైంది, ఛాతీ కదలడం ఎప్పుడు ఆగింది అన్నది ఆ కాగితం మీదే చూసుకుంటారు. కొన్నిటికి మత్తు మెల్లగా ఇచ్చారు, కొన్నిటికి ఒక్కసారిగా. కొన్నిటికి గాలి ఆడకుండా చేశారు. గుండెకు వెళ్లే నరాన్ని విద్యుత్తుతో రెచ్చగొట్టారు. గుండె జబ్బున్న రోగికి మత్తిస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి కొన్ని కుక్కలకు ముందే భాస్వరం పెట్టి గుండెను పాడుచేశారు. డిసెంబరులో బ్రంటన్ లండన్‌కు తంతి కొట్టాడు. 490 జంతువుల మీద చూశామని, ప్రమాదమల్లా ఊపిరాడకపోవడం వల్ల, మోతాదు మించడం వల్లనే తప్ప గుండె మీద నేరుగా దెబ్బ ఏమీ లేదని అందులోని సారాంశం. వచ్చేటప్పుడు ఉన్న అభిప్రాయం తిరిగి వెళ్లేటప్పటికి తలకిందులైంది. హైదరాబాదు పేరు ప్రపంచ వైద్యపత్రికల్లో మారుమోగింది.

ఇక్కడ ఒక విషయం దగ్గర ఆగాలి. బ్రిటన్‌లో 1876 నుంచే జంతువుల మీద ప్రయోగాలకు చట్టం ఉంది. లైసెన్సు కావాలి, నొప్పి తెలియకుండా మత్తివ్వాలి, ఇన్‌స్పెక్టరుకు లెక్క చెప్పాలి. ఆ చట్టం హైదరాబాదుకు వర్తించదు. బ్రిటిష్ ఇండియాలో జంతుహింస నివారణ చట్టం వచ్చింది 1890లో. అదీ ప్రధానంగా వీధుల్లో, బళ్ల దగ్గర జరిగే హింస గురించే తప్ప ప్రయోగశాల గురించి కాదు. నిజాం రాజ్యంలో అదీ లేదు. గనుల వాటాల మీద లండన్ పార్లమెంటు విచారణ నడిచింది 1888లో. ఆ ఏడాదీ, ఆ మరుసటి ఏడాదీ హైదరాబాదులో కుక్కల బల్ల దగ్గర, ఇన్ని ఎందుకు, మొదటి వందతో తేలనిది ఇంకో నాలుగొందలతో ఎలా తేలుతుంది అని అడిగే హక్కు చట్టప్రకారం ఏ ఒక్కరికీ లేదు. క్రూరత్వమే లారీ ఉద్దేశం అనడానికి లేదు. ఆయనది రోగుల ప్రాణాల మీది తపనే. కానీ ఆ తపనకు జవాబు ముందే తెలుసు. తెలిసిన జవాబుకు సాక్ష్యం పోగేయడానికే అన్ని ప్రాణాలు వాడాడు.

ఆ సాక్ష్యం నిలబడలేదు. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనే ఇద్దరు వేరే పద్ధతిలో పరీక్షించి, క్లోరోఫారం గుండెను నేరుగానే బలహీనపరుస్తుందన్నారు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు అసలు ముడి విప్పాడు. మత్తు సగం సగంగా, పైపైన ఉన్నప్పుడు అడ్రినలిన్ ఒంట్లోకి ఎక్కితే గుండె లయ తప్పి, వణికి, ఆగిపోతుందని చూపించాడు. భయపడిన రోగి ఒంట్లో అడ్రినలిన్ దానంతటదే ఊరుతుంది. కాలిగోరు లాంటి చిన్న చికిత్సకు కొంచెం మత్తు చాలులే అనుకున్నప్పుడే ప్రమాదం ఎక్కువని దాని అర్థం. గుండె గురించి భయం లేదన్న హైదరాబాదు హామీని నమ్మి నాడి చూడటం మానేసిన డాక్టరు చేతిలో రోగికి రక్షణ తగ్గింది. అంటే ఆ 490 జంతువుల మీది ప్రయోగం మనిషికీ పూర్తిగా పనికిరాలేదు.

ఇంకో నిజం కూడా దాచకుండా చెప్పాలి. లెవీ ఆ ముడి విప్పింది కూడా జంతువుల మీదే, పిల్లుల మీద. తప్పు జవాబూ సరైన జవాబూ రెండూ మూగజీవాల నుంచే వచ్చాయి. అందుకే ఈ ప్రశ్నకు ఒక్క మాటలో అవునని గానీ కాదని గానీ చెప్పలేం.

బొగ్గు బాయిలకు ఈ ప్రశ్న ఇంకో దారిలో వచ్చింది. గోదావరి లోయ బొగ్గుకు తనంతట తాను వేడెక్కి అంటుకునే గుణం ఉంది. పని అయిపోయి మూసేసిన చోట్ల లోపల నిప్పు రాజుకుంటే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తుట్లో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట అది కూర్చుంటుంది. 1896లో వేల్స్‌లో టైలర్స్‌టౌన్ గని పేలినప్పుడు జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త శవాలను పరిశీలించి, ఎక్కువమంది మంటలకు గానీ పేలుడుకు గానీ కాదు, ఈ వాయువుకే బలయ్యారని తేల్చాడు. చిన్న ప్రాణికి ఊపిరి వేగం, ఒంట్లో రక్తం తిరిగే వేగం ఎక్కువ. మనిషికి తెలియకముందే దానికి విషం ఎక్కుతుంది. కాబట్టి ఎలుకనో కానరీ పిట్టనో వెంట తీసుకెళ్లండి అన్నాడు. ఆ మాట చెప్పకముందు ఆయన అదే వాయువును తానే పీల్చి, తన రక్తాన్ని తానే పరీక్షించుకున్నాడు. లారీకీ హాల్డేన్‌కూ ఉన్న తేడా అక్కడుంది.

మన గనుల్లో కానరీ స్థానం మునియా పిట్టది. పిచ్చుక కన్నా చిన్నది, ముక్కు లావు. మూసేసిన పని స్థలాన్ని మళ్లీ తెరిచేటప్పుడు, మంట లేచినప్పుడు పంజరం ముందు నడిచేది. పిట్ట రెక్కలు ఉబ్బించి, కర్ర మీద పట్టు తప్పి తూలిందంటే మనుషులు వెనక్కి తిరగాలి. బయటి గాలిలోకి తెస్తే చాలాసార్లు పిట్ట తేరుకుంటుంది కూడా. పాశ్చాత్య దేశాల్లో కొన్ని పంజరాలకు చిన్న ఆక్సిజన్ సిలిండర్ అమర్చి, పిట్ట తూలగానే తలుపు మూసి ఆక్సిజన్ వదిలేవారు. బాయి మనుషులు పిట్టను చంపడానికి తీసుకెళ్లలేదు. పిట్ట ఎంత ప్రమాదంలో అడుగుపెట్టిందో, ఒక్క గజం వెనకాల మనిషీ అదే ప్రమాదంలో అడుగుపెట్టాడు. 2003 జూన్ 16న గోదావరిఖనిలో బాయిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయిన ఊరికి, ప్రాణాన్ని పణంగా పెట్టడమంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

బ్రిటన్ గనుల్లో కానరీలను 1986లో పనిలోంచి తప్పించారు. మన దగ్గరా ఇప్పుడు గని పని చూసుకునే ఓవర్‌మన్ చేతిలో, సర్దార్ నడుముకు వాయువులను కొలిచే ఎలక్ట్రానిక్ పరికరం ఉంటోంది. పిట్టకన్నా ముందే, పిట్టకన్నా కచ్చితంగా అది మోగుతుంది. అది వచ్చాక పంజరం పట్టుకుని బాయి దిగడం ఎవరికీ సబబనిపించలేదు.

మందుల విషయంలో అంత తేలిగ్గా తేలదు. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో బోదకాలు రాకుండా ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి డీఈసీ మాత్రలు మింగించారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధన విభాగాన్ని నడిపిన రోజుల్లో, 1947లో, ఆ మందు బయటికొచ్చింది. కాటన్ ర్యాట్ అనే ఎలుకల్లో సహజంగా ఉండే ఫైలేరియా పురుగుల మీద అది పనిచేస్తుందని ముందు చూశారు. ఆ ఎలుకలు లేకపోతే ఎన్నో కాళ్లు ఏనుగు కాళ్లయ్యేవి. కోవిడ్ టీకా కోవాగ్జిన్ కూడా హైదరాబాదు దగ్గరి జీనోమ్ వ్యాలీలో సీసాల్లోకి ఎక్కకముందు చిట్టెలుకలు, హామ్‌స్టర్లు, 20 రీసస్ కోతుల మీదుగానే వచ్చింది. ఈ మేలును కాదనేవాళ్లు ఆ మాత్ర మింగినవాళ్ల కాళ్లను చూడాలి.

అయితే 1889 నాటి హైదరాబాదులో లేనిది ఒకటి ఇప్పుడుంది. రాజ్యసభలో రుక్మిణీదేవి అరుండేల్ 1953లో పెట్టిన బిల్లు పర్యవసానంగా 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. ప్రయోగాలను అది నిషేధించలేదు. చిన్న జంతువుతో తేలేదానికి పెద్ద జంతువును వాడొద్దంది. కేవలం చేతి నేర్పు కోసం ప్రయోగాలు చేయొద్దంది. 1998 నిబంధనలు ప్రతి సంస్థలో నైతిక కమిటీ ఉండాలని, అందులో బయటివాళ్లూ కూర్చోవాలని చెప్పాయి. ఇప్పుడు బీఫార్మసీలో ఫార్మకాలజీ ప్రాక్టికల్స్ అంటే సాఫ్ట్‌వేర్, వీడియోలే. సిలబస్‌లోనే అలా రాశారు. మందు చుక్కకు కుందేలు కంటిపాప ఎలా మారుతుందో తెర మీద చూసి రికార్డు రాస్తారు. కుందేలు చెవి పట్టుకునే పనిలేదు.

2023 మార్చిలో కేంద్రం కొత్త మందుల నిబంధనలను సవరించింది. మనిషి కణాలతో పెంచిన నమూనాలు, చిప్ మీద అమర్చిన అవయవ నమూనాలు, కంప్యూటర్ లెక్కలు ఇచ్చే ఆధారాలను కూడా మనుషుల మీద పరీక్షలకు ముందు దశలో ఒప్పుకుంటామంది. అమెరికా అంతకు మూణ్నెల్ల ముందే అలాంటి చట్టం చేసింది. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఆవరణలోనూ ఈ దిశగా పని జరుగుతోంది. కానీ ఆ సవరణ అనుమతి మాత్రమే. కొత్త పద్ధతి ఉన్న చోట పాతదాన్ని మానాలని అది ఎవరినీ బలవంతపెట్టలేదు. బాయిలో పరికరం వచ్చాక పిట్టను విడిచిపెట్టినట్టు, నమ్మదగిన నమూనా దొరికిన ప్రతి పరీక్షలోనూ జంతువును విడిచిపెట్టాలని నిబంధనల్లో రాయాలి. నైతిక కమిటీల నిర్ణయాలను, వాడిన జంతువుల లెక్కను ఏటా జనం ముందు పెట్టాలి. గోదావరిఖని నుంచి, మంచిర్యాల నుంచి ఫార్మసీ చదివి జీనోమ్ వ్యాలీ ల్యాబుల్లో చేరుతున్న పిల్లలు ఆ కమిటీల ముందుకు కాగితం తీసుకెళ్లే రోజున, ఎన్ని జంతువులు కావాలి అన్న గడి నింపేముందు, ఈ ప్రశ్నకు జవాబు ఇంతకుముందే ఎవరైనా కనుక్కున్నారా అని ఒక్కసారి వెతకాలి.