సెకను లెక్కన మా చరిత్ర

సెప్టెంబర్ 17 వచ్చిందంటే టీవీలో అవే బొమ్మలు. దుమ్ము లేపుకుంటూ సైన్యం. 1948 సెప్టెంబర్ 18న జనరల్ చౌదరి ముందు లొంగిపోతున్న ఎల్ ఎద్రూస్. వాటికి ముందో వెనకో రజాకార్ల కవాతు. హనుమకొండలో టీవీ ముందు కూర్చున్న మేము ఆ కవాతులోనే మా తాతల్ని గుర్తుపట్టాలట! బట్టలు కుట్టినోళ్ళు, టాంగా తోలినోళ్ళు, దూదేకినోళ్ళు ఏ రీల్లో ఉన్నారు?

సైన్యం వెంట వచ్చిన కెమెరా సైన్యం చూపించినంతే చూసింది. ఆ ఏడాది చివర్లో జిల్లాలు తిరిగిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్‌లే ఎక్కువ నష్టపోయాయి. ఆ నివేదికనే ప్రభుత్వం దశాబ్దాలపాటు దాచింది, ఇక రీలు సంగతి చెప్పాలా! మా మానుకోట షోయబుల్లాఖాన్ రజాకార్లను ఎదిరించి ‘ఇమ్రోజ్’ నడిపాడు. 1948 ఆగస్టులో వాళ్ళ చేతుల్లోనే హతమయ్యాడు. కవాతు బొమ్మ వేసేవాళ్ళకు ఆయన గుర్తుకురాడు.

పోనీ, ఉన్న రీళ్ళతోనే మా కథ మేం చెప్పుకుందామా? చూడ్డానికి ఖర్చు లేదు. బ్రిటిష్ పాథే 2014లో 85 వేల రీళ్ళను యూట్యూబ్‌లో పెట్టింది. వాడుకోవాలంటే మాత్రం లైసెన్సు. ఆర్కైవులు సెకన్లు, నిమిషాల లెక్కన ధర కడతాయి. ఒక్క దేశానికా, లోకమంతటికా? టీవీకా, సినిమాకా? ఐదేళ్ళకా, ఎప్పటికీనా? దేని రేటు దానిదే. పైకం కట్టేదాకా చేతికొచ్చేది ముద్ర పడ్డ మసక కాపీ. పెద్ద ఛానెల్‌కు అది చాయ్ ఖర్చు. పది నిమిషాల డాక్యుమెంటరీ తీయబోయే బస్తీ పిల్లగాడికి తలకు మించిన అప్పు.

ఇందులో ఇంకో తిరకాసుంది. మన చట్టంలో సినిమా కాపీరైటు 60 ఏళ్ళు. 1948లో ఇక్కడ విడుదలైన న్యూస్‌రీలు మీద హక్కు 2008తోనే తీరిపోయింది. కానీ హక్కు తీరినా డబ్బా ఎవరి దగ్గరుంటే కాపీ వాళ్ళనే అడగాలి, వాళ్ళ షరతులకు ఒప్పుకోవాలి. డబ్బా మీది చిట్టీ కూడా వాళ్ళు రాసిందే. ‘నిజాం’ అని వెతికితే దొరుకుతుంది, ‘రజాకార్’ అంటే దొరుకుతుంది. దర్జీ అంటే ఏం దొరుకుతుంది?

1948లో పదేళ్ళున్న పిల్లలు ఇప్పుడు తొంభైకి దగ్గరపడ్డారు. కాజీపేట దర్గా పక్కన, మండిబజార్ గల్లీల్లో ఇంకా కొందరున్నారు. వాళ్ళ ముందు సెల్‌ఫోన్ పెట్టి కూర్చోవాల్సింది మేమే. ఆ చిట్టీ మేమే రాస్తాం: పేరు, ఊరు, చేసిన పని, ఆ సెప్టెంబర్లో ఎక్కడ తలదాచుకున్నారో.