సభ కబురు ఊరికి చేరిన దారి

రాష్ట్రావతరణ దినమని నవంబరు ఒకటిన జెండాలు ఎగరేస్తాం, పొట్టి శ్రీరాములుగారి విగ్రహానికి దండలు వేస్తాం. నా మనసు మాత్రం ఏటా ఆ తర్వాత అయిదు రోజులకు వచ్చే తేదీ మీదే ఉంటుంది. 1954 నవంబరు 6న కర్నూలులో ఆంధ్ర రాష్ట్ర శాసనసభ ఒకే ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వాన్ని దించేసింది. అవిశ్వాస తీర్మానానికి అనుకూలంగా 69, వ్యతిరేకంగా 68. పడిపోయింది టంగుటూరి ప్రకాశం పంతులు ప్రభుత్వం. పడగొట్టింది కల్లు గీత గొడవ. చరిత్ర పుస్తకాల్లో ఇది రెండు వాక్యాల సంగతి. ఊళ్లో జనం గోడు శాసనసభ్యుడి నోట సభకు ఎలా ఎక్కుతుంది, సభలో జరిగింది మళ్లీ ఊరికి ఎలా దిగివస్తుంది అని ఎవరైనా అడిగితే మాత్రం నేను చెప్పేది ఈ కథే.

అంతకుముందు కాలమంతా కబురు ఒకవైపే నడిచింది. కాకతి గణపతిదేవుడు 13వ శతాబ్దంలో సముద్ర వ్యాపారులకు అభయమిస్తూ, వాళ్ల సరుకు మీద సుంకమెంతో చెబుతూ మోటుపల్లిలో రాతి మీద చెక్కించాడు. చదవగలిగినవాళ్లు చదువుకున్నారు. మిగతావాళ్లకు దండోరా, కరణంగారు చదివి వినిపించే తాఖీదు. రాజ్యాలు మారాయి, నవాబులొచ్చారు, కుంఫిణీ వచ్చింది, జమీందారీలు స్థిరపడ్డాయి. శిస్తు ఎంతో చెప్పడానికి మనిషి వచ్చేవాడు కానీ, అంత ఎందుకో అడిగి రావడానికి ఊరి తరఫున పోయేవాడు లేడు.

చెన్నపట్నంలో 1861 చట్టం కింద శాసన మండలి ఏర్పడినా అందులో కూర్చున్నది దొరలు, వాళ్లు ఏరుకున్న పెద్దమనుషులు. 1920లో ఎన్నికలంటూ జరిగినా ఓటు ఆస్తి ఉన్నవాళ్లకే. సభ నడిచింది ఇంగ్లీషులో. ఆ భాష రానివారు మాత్రమే తమ భాషలో మాట్లాడవచ్చని వెసులుబాటు ఉండేది. కోనసీమ రైతు నీటి తీరువా గురించి అక్కడ ఎవరో మాట్లాడినా, ఆ మాట తెలుగులోకి వచ్చి, పత్రికలో అచ్చయి, రచ్చబండ దగ్గర ఒకరు పైకి చదివితే తప్ప ఆ రైతుకు తెలిసేది కాదు. ఆ చదివి వినిపించే పనిని మన గ్రంథాలయోద్యమం భుజాన వేసుకుంది. అయ్యంకి వెంకటరమణయ్యగారి తరం ఊరూరా పఠన మందిరాలు పెట్టింది. 1935లో కృష్ణా కాలువ మీద పడవలోనే గ్రంథాలయం నడిపారు. చట్టసభ చరిత్ర రాసేవాళ్లు ఆ పడవను లెక్కలోకి తీసుకోరు. తీసుకోవాలి.

1937 ఎన్నికలతో గాలి మారింది. బొబ్బిలి రాజాను ఆయన సొంత గడ్డ మీద వి.వి. గిరి ఓడించారు. జమీందారీ గ్రామాల రైతుల స్థితిగతుల విచారణకు ప్రకాశం అధ్యక్షతన సంఘం వేశారు. శిస్తులు, వెట్టి, అడవి హక్కుల మీద ఆ సంఘం సాక్ష్యాలు తీసుకుంది. కమతాల రైతు మాట ప్రభుత్వ నివేదికలోకి ఎక్కడమన్నది అప్పటికి కొత్త. జమీందారీల రద్దు చట్టం రావడానికి మాత్రం 1948 దాకా ఆగాల్సి వచ్చింది.

అదే 1937లో రాజాజీ మంత్రివర్గం మద్యనిషేధ చట్టం తెచ్చింది. ముందు సేలంలో, మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాల్లో అమలు చేశారు. ఆబ్కారీ రాబడి పోయిన లోటు పూడ్చడానికి 1939లో అమ్మకపు పన్ను తెచ్చారు. యుద్ధకాలంలో నిషేధం ఆగింది; ప్రకాశం ముఖ్యమంత్రిగా ఉన్న 1946లో మళ్లీ మొదలై 1948 నాటికి ఉమ్మడి మద్రాసు రాష్ట్రమంతా వ్యాపించింది. గాంధీగారి ఆశయం, కాంగ్రెసు వాగ్దానం. తాగి ఇల్లు గుల్లచేసే మగవాడి భార్యకు అది నిజంగా ఊరటే. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు.

ఆ చట్టం తాటిచెట్టు మొదట్లో నిలబడ్డ మనిషి మీద ఎలా పడిందో మాత్రం దగ్గరగా చూడాలి. గీత కార్మికుడు నడుముకు మోకు బిగించుకుని, కత్తి, కుండలు వేలాడేసుకుని తెల్లవారకముందే చెట్టెక్కుతాడు. గెల కొసను పల్చగా గీసి కుండ కడతాడు. కారే రసం తియ్యగా ఉంటుంది, ఎండ ఎక్కితే గంటల్లో పులుస్తుంది. పులవనిది నీరా, పులిసింది కల్లు. నిషేధం వచ్చాక నీరా తీసి బెల్లం వండుకోవచ్చు గానీ కుండ లోపల సున్నం పూసి తీరాలి. సున్నం పూత సరిగా ఉంటే అతను బెల్లం వండే పనివాడు. పూత పల్చబడిందో, పొద్దెక్కేదాకా కుండ దించలేదో, అదే మనిషి నేరస్థుడు. చెట్టు అదే, చెయ్యి అదే. పోలీసు వచ్చి కుండ వాసన చూసి కేసు రాస్తాడు. మద్రాసులో ఎవరో మంచి మనసుతో చేసిన చట్టం ఊరికి చేరింది ఈ రూపంలో. తరతరాలుగా ఎక్కిన చెట్టు ఎందుకు ఎక్కకూడదో, బదులుగా ఏం చేసి బతకాలో ఆ కులాలకు చెప్పడానికి ప్రభుత్వం నుంచి ఎవరూ రాలేదు.

వచ్చినవాడు గౌతు లచ్చన్న. సోంపేట దగ్గర బారువలో 1909లో పుట్టారు, గీత వృత్తి కుటుంబం. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లిన మనిషి, జనం సర్దార్ అని పిలుచుకున్న మనిషి. గాంధీగారి వెంట నడిచినవాడే గాంధీగారి పేరున వచ్చిన చట్టాన్ని ఎదిరించడం ఎంత కష్టమో ఊహించండి. గీతను వదిలేయమనడానికి ముందు గీసేవాడికి బతుకుతెరువు చూపండి అన్నది ఆయన వాదన.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం కర్నూలులో కళ్లు తెరిచింది. రాజధానికి తగ్గ భవనాల్లేవు. ఆఫీసులు, ఉద్యోగుల కాపురాలు చాలామటుకు గుడారాల్లోనే. ఎనభయ్యొక్క ఏళ్ల వయసులో ప్రకాశం ముఖ్యమంత్రి అయ్యారు. సొంత బలం చాలని ప్రభుత్వం, ఖాళీ ఖజానా. అయినా ఆ కొద్దికాలంలోనే తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం పుట్టింది. అటు కొత్త రాష్ట్రానికి ఉత్తరపు కొసన సోంపేట, ఇటు పడమటి అంచున కర్నూలు. అక్కడి మనిషి ఇక్కడికి రావాలంటే రాష్ట్రాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి కొలిచినట్టే. లచ్చన్న ఆ దూరమంతా గీత కార్మికుల గోడు మోసుకొచ్చారు.

నిషేధం ఎలా నడుస్తోందో చూడమని ప్రభుత్వమే ఎస్.వి. రామమూర్తి కమిటీని వేసింది. ఐసీయస్‌లో పండిపోయిన ఆ అధికారి కమిటీ, నిషేధం ఎత్తేయడమే మంచిదని చెప్పింది. ప్రభుత్వం ఆ సిఫార్సును పక్కనపెట్టింది. ఇక్కడే నాకు ప్రకాశం మీద జాలి, గౌరవం రెండూ కలుగుతాయి. 1946లో తాను స్వయంగా మొదలుపెట్టినదాన్ని తన చేతుల్తో తుడిచేయడానికి ఆయన మనసొప్పలేదు. లచ్చన్న నాయకత్వంలో గీత కార్మికులు సత్యాగ్రహానికి దిగారు, జైళ్లకు వెళ్లారు. చివరికి మాట సభకు చేరింది. లచ్చన్న ఉన్న కృషికార్ లోక్ పార్టీ, కమ్యూనిస్టులు, ప్రజా సోషలిస్టులు ఒకవైపు; ప్రకాశం, సంజీవరెడ్డి, తెన్నేటి విశ్వనాథం మరోవైపు. వేరే సంగతుల్లో ఎవరికీ ఎవరితోనూ పొసగదు. ఓట్లు లెక్కపెడితే ఒక్కటే తేడా.

ఫిరాయింపుల చట్టం లేని రోజులవి. ఎటు చెయ్యెత్తినా పదవి పోదు. అందుకే ఆ 137 మందిలో ప్రతి ఒక్కరూ ఊరికి వెళ్లి, ఎటు ఎందుకు ఎత్తారో చెప్పుకోవాల్సి వచ్చింది. పార్టీ ఆదేశమని తప్పించుకోవడం అంత తేలిక కాదు. పది రోజులు తిరక్కుండానే రాష్ట్రపతి పాలన వచ్చింది, 1955 ఆరంభంలో ఎన్నికలు. నిన్న ప్రభుత్వాన్ని కూల్చిన లచ్చన్న పార్టీ ఇప్పుడు కాంగ్రెసుతో కలిసి ఐక్య సంఘటనగా నిలబడింది. ప్రకాశం ప్రజాపార్టీ కూడా అందులోనే. దీన్ని అవకాశవాదం అన్నవాళ్లున్నారు. నేననను. గీత కార్మికుడికి ప్రభుత్వంలో చోటు దొరికితే తప్ప న్యాయం జరగదని లచ్చన్న లెక్క. 196 స్థానాల్లో సంఘటనకు 146 వచ్చాయి, కృషికార్ పార్టీకే 22. సర్కారు తమదేనని ధీమాగా ఉన్న కమ్యూనిస్టులకు 15 దక్కాయి.

ఇంత జరిగినా చట్టం ఒక్కసారిగా మాయం కాలేదు. 1956లో తెలంగాణ కలిశాక ఒకే రాష్ట్రంలో ఆంధ్ర జిల్లాల్లో నిషేధం, తెలంగాణలో ఆబ్కారీ పక్కపక్కనే 1960ల చివరిదాకా సాగాయి. సరిహద్దుకు అటు కల్లు దుకాణం, ఇటు కేసు.

తెలంగాణలో అసలు వయోజన ఓటే 1952తో మొదలైంది. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారు అనే హక్కు ఇచ్చింది. కాగితం మీద ఎంత గొప్ప చట్టమైనా, నీకు ఈ హక్కుంది, పేరు రాయించుకో అని కౌలుదారుకు చెప్పేవాళ్లు కావాలి. సాయుధ పోరాటం నుంచి వచ్చి ఆలేరులో మూడుసార్లు గెలిచిన ఆరుట్ల కమలాదేవి లాంటివాళ్లకు ఆ జనం ముఖాలు, పొలాలు తెలుసు. అటు సత్తెనపల్లిలో వావిలాల గోపాలకృష్ణయ్య ఏ పార్టీ టిక్కెట్టూ లేకుండా నాలుగుసార్లు గెలిచారు. నందికొండ (నాగార్జునసాగర్) ప్రాజెక్టు, తెలుగులో పాలన అనే రెండు పట్టుదలలు వదలని మనిషి. ఇల్లెందు నుంచి అయిదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య అసెంబ్లీకి బస్సులో వచ్చేవారు. బస్సులో వెళ్లే ఎమ్మెల్యేకు పక్క సీటువాడు అడిగే ప్రశ్నలు తప్పవు. పోడు పట్టా ఏమైందన్నా, ఫలానా బిల్లు ఏమైందన్నా, దిగేలోగా జవాబు చెప్పాల్సిందే.

ఆ తర్వాత కథ ఇంత సాఫీగా నడవదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. కబురు ఈసారి ఎమ్మెల్యే తీసుకురాలేదు, అక్షరదీపం అనే వయోజనుల చదువు తరగతి నుంచి పుట్టింది. 1993 అక్టోబరు 1న సారా ఆగింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో పోయింది. 1985 నుంచి ఫిరాయింపుల చట్టం వల్ల సభ్యుడి చెయ్యి విప్ చెప్పిన వైపే లేస్తోంది. ఎందుకు లేపావని ఊరడిగితే ఆయన చెప్పగలిగేది తగ్గిపోయింది. ఎమ్మెల్యే ఇంటి ముందు పొద్దున్నే నిలబడే వాళ్ల చేతుల్లో ఇప్పుడుండేవి పింఛను అర్జీలు, ఆసుపత్రి చీటీలు, బదిలీ కాగితాలు. అవన్నీ న్యాయమైన అవసరాలే. చట్టం సంగతి అడిగేందుకు మాత్రం ఆ వరసలో సమయం మిగలదు. రిబ్బన్ కత్తిరించిన వీడియో సాయంత్రానికల్లా ప్రతి ఫోనుకూ చేరుతుంది. ఏ సవరణకు ఓటేశారో ఆ వీడియోలో ఉండదు.

దీని ఫలితం ఆంధ్రప్రదేశ్‌లో భూమి హక్కు చట్టం విషయంలో కళ్లారా చూశాం. 2023లో అమల్లోకి వచ్చిన ఆ చట్టం గురించి ఎక్కువమంది రైతులు విన్నది 2024 ఎన్నికల సభల్లోనే, అదీ రెండు పక్షాల అరుపుల మధ్య. కొత్త సభ దాన్ని రద్దు చేసింది. పుట్టినప్పుడు గానీ పోయినప్పుడు గానీ సెక్షన్ సెక్షన్‌గా విడమరిచి చెప్పిన గ్రామసభ ఎన్ని ఊళ్లు చూశాయి? తెలంగాణలో భూ రికార్డులకు ధరణి పోయి 2025లో భూభారతి వచ్చింది. రెవెన్యూ సదస్సులు పెట్టి తహసీల్దార్లు ఊళ్లలో దరఖాస్తులు తీసుకున్నారు. మంచి పనే. కానీ తహసీల్దారు చట్టాన్ని అమలు చేసే మనిషి. ఆ చట్టానికి ఓటేసిన మనిషి ఆ బల్ల దగ్గరే కూర్చుని తప్పొప్పులకు జవాబు చెప్పాలి.

సమావేశాలు ముగిసిన పదిహేను రోజుల్లో ప్రతి మండలంలో ఒక పూట, మైకు అటూ ఇటూ తిరిగేలా ఒక సభ పెట్టడం ఏ ఎమ్మెల్యేకూ కష్టం కాదు. ఏ బిల్లులు వచ్చాయి, నేను ఏమన్నాను, ఎటు ఓటేశాను, మీ ఊళ్లో దానివల్ల ఎవరికి ఏం మారుతుంది అని చెబితే చాలు. లచ్చన్న మనవరాలు గౌతు శిరీష 2024లో పలాస నుంచి శాసనసభకు వెళ్లారు. తెలంగాణలో మద్యం దుకాణాల కేటాయింపులో గౌడలకు 15 శాతం ఉంది, హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ నడిచింది. ఇవన్నీ గీసేవాడి ఇంటికి ఎంత చేరాయో లెక్క అడగడానికి ఈ నవంబరు 6 మంచి రోజు. ఉద్దానంలోనో, భువనగిరి తాటివనాల్లోనో ఒక ఎమ్మెల్యే ఆ పూటకు సమయమిస్తే, అడిగేవాళ్లు తప్పక వస్తారు.