తెలంగాణపు స్వచ్ఛంద దళములు

యుద్ధమున జీతముగొని పోరాడు సైనికుని చరిత్ర ప్రభుత్వపు దస్తరములలో నిలిచియుండును. అతని పేరును, ఊరును, అతడు సైన్యమున జేరిన దినమును, పడిన దినమును గూడ లెక్కకు వచ్చును. జీతము లేక, తన యూరికొఱకు తానై యాయుధము పట్టినవాని కట్టి దస్తరము లేదు. అందువలన వాని సేవకు తరువాతివారు తమకు దోచిన యర్థమును జెప్పుచుందురు. 1946 మొదలు 1951 వఱకు తెలంగాణమున పోరాడిన స్వచ్ఛంద దళముల చరిత్రకు పట్టినది యీ గతియే.

మా కపిలేశ్వరపురము గోదావరి యొడ్డున నున్నది. తెలంగాణము మాకు దూరము. ఆ పోరాటమును మేము పుస్తకములవలననే యెఱుగుదుము. పాఠశాలలో హైదరాబాదు సంస్థానపు విలీనమును బోధించుచు, ఆ పోరాట మెవరి కెవరికి జరిగెనని యొకనాడు విద్యార్థుల నడిగితిమి. తెలివిగల బాలుడొకడు లేచి, "హిందువులకును ముసల్మానులకును" అని చెప్పెను. తరగతిలో నెవ్వరును కాదనలేదు. అది యా బాలుని దోషము కాదు. పెద్దలు చెప్పగా విన్నదే యతడు చెప్పెను. అతనికి మేమిచ్చిన సమాధానమునే చదువరుల కిచట విన్నవించుచున్నాము.

సంస్థానాధిపతి ముసల్మాను, ప్రజలలో నధికసంఖ్యాకులు హిందువులు. ఇంతవఱకే చూచి యాగినచో బాలుని యుత్తరము సరియైనదిగ దోచును. కాని పల్లెరైతు నిజామును కన్నులార జూచినవాడు కాడు. అతడు దినదినము చూచినది దొరగడిని. ఆ గడిలోని దేశముఖు తఱచుగా తెలుగువాడు, హిందువు. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ మొదలగువారు కూలి లేకయే యాతనికి వెట్టి చేయవలెను. రైతు తన పొలము విడిచి ముందుగా దొర పొలము దున్నవలెను.

జనగామ ప్రాంతమున విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి ఇట్టివారిలో ప్రసిద్ధుడు. అతని పక్షమునకు ఎదురు నిలిచి, తన భూమికై న్యాయస్థానమున పోరాడిన షేక్ బందగీ యను రైతు హత్య చేయబడెను. 1944లో భువనగిరి సభనాడు ఆంధ్రమహాసభ సభ్యత్వపు రుసుము ఒక్క అణాకు దిగగా, పేదలు వేలకొలది దానిలో జేరిరి; దానిని "సంగము" అని పిలుచుకొనిరి. పాలకుర్తిలో చాకలి కులమున బుట్టిన చిట్యాల ఐలమ్మ, తాను సాగుచేసిన పంటను దొర మనుష్యులు తరలింపకుండ సంగమువారి తోడ్పాటుతో నిలుపుకొనెను. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపుగా వచ్చిన సంగము ప్రజలపై దొర మనుష్యులు తుపాకులు ప్రేల్చగా దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. ఈ మువ్వురిలో నొకరు ముసల్మాను, ఇద్దరు హిందువులు. మువ్వురి కెదురైన గడి యొక్కటియే.

కొమరయ్య మరణానంతరము ఊరూర స్వచ్ఛంద దళము లేర్పడెను. మొదట వారి యాయుధములు కఱ్ఱలు, వడిసెలలు, స్త్రీల చేతులలోని కారపుపొడి. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటమునకు పిలుపునిచ్చిరి. వీరిలో మూడవవాడు ప్రసిద్ధుడైన ఉర్దూ కవి. అటుపైని దళములు రెండు విధము లయ్యెను. గ్రామదళము పగలు పొలము పని చేసికొని రాత్రి యూరికి కాపుండునది; గెరిల్లా దళము ఊరు విడిచి సంచరించుచు పోరాడునది. వెట్టిని మాన్పుట, అప్పుపత్రములను తగులబెట్టుట, భూములను పంచుట, కాసిం రజ్వీ నాయకత్వముననున్న రజాకార్ల దాడులనుండి పల్లెలను రక్షించుట వీరి పనులు. గ్రామదళములలో 10,000 మంది యుండిరనియు, ఉద్యమము సుమారు 3,000 గ్రామములకు వ్యాపించెననియు, 10 లక్షల ఎకరములు పంచబడెననియు పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువరించిన గ్రంథమున వ్రాసెను. ఆయన యా పోరాట నాయకులలో నొకడు గావున, ఈ లెక్కలను నాయకుని లెక్కలుగనే గ్రహింపవలెను.

మన సంఘసంస్కర్తలు వేదికలపై చెప్పిన మాటలు కొన్ని యీ దళములలో నాచరణమునకు వచ్చెను. మల్లు స్వరాజ్యం యువతిగనే దళమును నడిపెను. ఆమెను పట్టి యిచ్చినవారికి 10,000 రూపాయల బహుమానము ప్రకటింపబడెను. ఆరుట్ల కమలాదేవి తుపాకి పట్టి పోరాడెను. లంబాడీ తండానుండి ఠాను నాయక్ వచ్చెను. కాని పోరాటము ముగిసిన వెనుక స్త్రీలను మరల వంటయింటికే పంపిరన్న వేదనయు గలదు. 1986లో వెలువడిన "మనకు తెలియని మన చరిత్ర" యను గ్రంథమున ఆ స్త్రీలే తమ నోట తమ యనుభవములను జెప్పియున్నారు.

1948 ఆగస్టు మాసమున జరిగిన రెండు ఘోరములను జత చేసి చూడవలెను. సంస్థానము భారతదేశమున జేరవలెనని వ్రాసిన "ఇమ్రోజ్" పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్ హైదరాబాదు నడివీధిలో చంపబడెను. ఆ మాసాంతమున, 27వ తేదీని, బురుజుపైనుండి తమ యూరిని కాపాడుకొనుచున్న భైరానుపల్లి ప్రజలను రజాకార్లును నిజాము బలగములును పెద్దసంఖ్యలో వధించిరి. ఒకచోట పడినవాడు ముసల్మాను. వేఱొకచోట పడినవారు హిందూ రైతులు. చంపించిన పక్ష మొక్కటియే.

దళములను పొగడుటకే మేము పూనుకొనలేదు. 1948 సెప్టెంబరు 13న ప్రవేశించిన భారతసైన్యమునకు 17న నిజాము లొంగెను. తరువాతను ఆయుధము నిలుపవలెనా యను ప్రశ్నపై నాయకులే చీలిరి. నిలుపుట పొరపాటని రావి నారాయణరెడ్డి తలచెను. సుందరయ్య దానిని సమర్థించెను. 1951 అక్టోబరు 21 వఱకు పోరు సాగెను. రజాకార్లనుండి పల్లెను రక్షించిన దళము, మహాసైన్యము నెదిరింపలేక యడవుల పాలయ్యెను. ఆ మూడేండ్లలో ఎందఱో ధీరులు ప్రాణములు కోలుపోయిరి. ఆయుధము దించు సమయమును నాయకులు సకాలమున నిర్ణయింపలేకపోయిరనియే మా యభిప్రాయము.

బాలుని యుత్తరము చరిత్రలో చేసిన కీడు నిచట చెప్పక తప్పదు. సైనికచర్య వెనుక జరిగిన ప్రతీకార హత్యలను విచారించిన పండిత సుందర్‌లాల్ సంఘము, మృతులు 27,000 మొదలు 40,000 వఱకు నుందురని యంచనా వేసెను. అత్యధికముగ నష్టపోయినవని యది పేర్కొన్న నాలుగు జిల్లాలు ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు. దళములు తిరుగాడిన నల్లగొండ, వరంగల్లు ఆ నాలుగింటిలో లేవు. కారణము లనేకము లుండవచ్చును. అయినను, దొరను దొరగను, రైతును రైతుగను చూచుట నేర్చిన సీమలో పొరుగువాని మతమునుబట్టి కత్తి యెత్తుట కొంతయైన తగ్గెనని యూహించుట యసంగతము కాదు.

మా గ్రామము పేరిటను నొక జమీందారీ యుండెడిది. మద్రాసు శాసనసభ 1948లో చేసిన చట్టముచే మా ప్రాంతపు జమీందారీలు రద్దయ్యెను. దానికొఱకు మేము తుపాకి పట్టవలసిన పని కలుగలేదు. సరిహద్దు కావల నట్టి శాసనసభయే లేదు. అచట జాగీర్లు 1949లో రద్దయ్యెను, కౌలుదారీ చట్టము 1950లో వచ్చెను. మనకు కాగితముపై లభించినది వారికి నెత్తుటివెల కిచ్చినగాని లభింపలేదు.

సెప్టెంబరు 17ను కొందఱు విమోచన దినమనియు, కొందఱు విలీన దినమనియు, కొందఱు సమైక్యతా దినమనియు జరుపుకొనుచున్నారు. ఏ పేరు పెట్టినను పెట్టుదురుగాక. బందగీ పేరును కొమరయ్య పేరును ఒక్క పాఠముననే చెప్పవలెనని మాత్రము మా ప్రార్థన. మఱునాడు మేమట్లే చెప్పితిమి. ఆ బాలుడు రెండు పేర్లను తన పుస్తకమున నొకదాని క్రింద నొకటి వ్రాసికొనెను.