ఎమ్మారై స్కానింగ్: పరిశోధన, వాడుక, రేడియోగ్రాఫర్ల శిక్షణ

ఎక్స్-రేలతో పని లేకుండా, బలమైన అయస్కాంత క్షేత్రం, రేడియో తరంగాల సాయంతో శరీరం లోపలి భాగాలను చిత్రించే పద్ధతిని ఎమ్మారై అంటారు. మన ఒంట్లోని నీటిలోనూ కొవ్వులోనూ ఉండే హైడ్రోజన్ కేంద్రకాలే దీనికి ఆధారం. ఆస్పత్రుల్లో ఎక్కువగా కనిపించే 1.5 టెస్లా యంత్రంలో ఈ కేంద్రకాలు దాదాపు 64 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలకు స్పందిస్తాయి. తరంగం ఆపేయగానే అవి మళ్ళీ మొదటి స్థితికి చేరుకుంటూ సన్నని సంకేతం వెలువరిస్తాయి. ఆ తిరుగు ప్రయాణానికి పట్టే సమయం మెదడులో ఒకలా, కొవ్వులో ఒకలా, వాచిన కండలో మరోలా ఉంటుంది. ఆ తేడానే తెరమీద నలుపు తెలుపులుగా కనిపిస్తుంది. మెదడు, వెన్నుపాము, కీళ్ళలోని స్నాయువుల వంటి మెత్తని భాగాలను చూపించడంలో దీనికి సాటి వచ్చే పద్ధతి లేదు.

నిర్ణీత రేడియో తరంగానికి కేంద్రకాలు ఇలా స్పందించడాన్ని అనునాదం అంటారు. ఈ అనునాదాన్ని 1938లో అమెరికాలో ఇసిడోర్ రాబీ అణుపుంజాల్లో కొలిచాడు. 1946లో స్టాన్‌ఫర్డ్‌లో ఫెలిక్స్ బ్లాక్, హార్వర్డ్‌లో ఎడ్వర్డ్ పర్సెల్ ఎవరికి వారుగా ద్రవ, ఘన పదార్థాల్లో దాన్ని చూపించి 1952లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. 1951లో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో జి. సూర్యన్ ప్రవహించే ద్రవాల్లో ఈ అనునాదాన్ని కొలిచి, ప్రవాహ వేగాన్నిబట్టి సంకేతం మారుతుందని ప్రకటించాడు. ఇవాళ రంగుమందు ఎక్కించకుండానే రక్తనాళాల ఎమ్మారై తీయగలుగుతున్నామంటే ప్రవాహం సంకేతాన్ని మార్చడమే మూలం. మన దేశంలో జరిగిన ఈ పనిని మన పాఠ్యపుస్తకాలైనా చెప్పుకోవలసింది.

అయితే చాలాకాలం ఈ అనునాదం రసాయన శాస్త్రవేత్తల పనిముట్టుగానే ఉంది. వైద్యం వైపు దాన్ని మళ్ళించిన వాడు రేమండ్ డమేడియన్. ఎలుకల కణితుల్లో నీటి సంకేతం మామూలు కణజాలంలో కన్నా నిదానంగా అణగారుతుందని 1971లో చూపించాడు. అయితే సంకేతం శరీరంలో ఏ చోటినుంచి వస్తోందో తెలిసే దారి అప్పటికి లేదు. క్షేత్రం బలాన్ని ఒక చివరనుంచి మరో చివరకు క్రమంగా మారిస్తే ప్రతి చోటుకూ వేరే పౌనఃపున్యం ఉంటుందని, దాన్నిబట్టి బొమ్మ కట్టవచ్చని 1973లో పాల్ లాటర్‌బర్ రెండు సన్నని నీటి గొట్టాల చిత్రంతో నిరూపించాడు. ఆ వ్యాసాన్ని 'నేచర్' పత్రిక మొదట తిప్పి పంపింది. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో పీటర్ మాన్స్‌ఫీల్డ్ ఆ గణితాన్ని పదునుపెట్టి, 1977లో అతివేగంగా చిత్రం తీసే పద్ధతిని ప్రతిపాదించాడు. అదే ఏడాది జూలై 3న డమేడియన్ బృందం తాము కట్టిన యంత్రంలో మనిషి ఛాతీని చిత్రించింది. ఒక్క చిత్రానికి దాదాపు ఐదు గంటలు పట్టింది.

రోగికి నిజంగా ఉపయోగపడిన మొదటి స్కాన్ స్కాట్లండ్‌లోని అబర్దీన్‌లో, 1980 ఆగస్టు 28న జరిగింది. జాన్ మలార్డ్ నాయకత్వంలో అక్కడివారు తయారుచేసిన యంత్రం ఒక రోగి ఛాతీలోని కణితిని, దెబ్బతిన్న కాలేయాన్ని, ఎముకలకు పాకిన కేన్సర్‌ను పట్టుకుంది. ఆ బృందం వాడిన చిత్రణ పద్ధతే నేటి యంత్రాల్లో చాలావాటికి పునాది. 2003 నోబెల్ బహుమతి లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్‌లకు దక్కింది. తనను విడిచిపెట్టడం అన్యాయమని డమేడియన్ పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలిచ్చాడు. నిబంధనల ప్రకారం ఒక బహుమతిని ముగ్గురిదాకా పంచవచ్చు. దారి వేసినవాళ్ళు ఆ ఇద్దరే అయినా, వైద్యానికి పనికొచ్చే ప్రశ్న వేసిన మనిషికి మూడో చోటు ఇచ్చి ఉండవలసింది.

భారతదేశానికి ఈ యంత్రం 1986లో ఢిల్లీలోని ఇన్‌మాస్ సంస్థ ద్వారా వచ్చింది. ఆ దశాబ్దంలోనే గెడోలినియం కాంట్రాస్ట్ ఇంజెక్షన్, నీటి అణువుల కదలికను చూపే డిఫ్యూజన్ చిత్రణ వైద్యుల చేతికందాయి. పక్షవాతం వచ్చిన కొద్దిసేపటికే మెదడులో దెబ్బతిన్న చోటును డిఫ్యూజన్ పట్టిస్తుంది. 1990లో సెయిజి ఒగావా రక్తంలోని ఆక్సిజన్ మార్పే చిత్రంలో కనబడుతుందని చూపడంతో, పనిచేస్తున్న మెదడును చూసే వీలు కలిగింది. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి కొన్ని గెడోలినియం మందులు తీవ్రమైన చర్మవ్యాధి తెస్తాయని 2006లో తేలింది. ఇంజెక్షన్‌కు ముందు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష అడగడం వెనుక ఉన్న కథ అదే.

ఇప్పుడు పరిశోధన రెండు కొసలకూ సాగుతోంది. ఫ్రాన్స్‌లోని సాక్లేలో 11.7 టెస్లా యంత్రం 2024లో మనుషుల మెదడు చిత్రాలను వెలువరించింది. మరోవైపు 0.064 టెస్లా బలంతో, మంచం దగ్గరికే తోసుకెళ్ళగల చిన్న యంత్రానికి 2020లో అమెరికాలో అనుమతి లభించింది. పెద్ద ఆస్పత్రికి దూరంగా ఉండే జిల్లాలకు ఈ రెండోదే ఎక్కువ అక్కరకొస్తుంది.

యంత్రం ఇంత వేగంగా మారుతుంటే దాన్ని నడిపేవారి చదువు వెనకబడింది. మొదట్లో యంత్రాన్ని కట్టిన భౌతిక శాస్త్రవేత్తలే దాన్ని నడిపారు. తర్వాత ఎక్స్-రే గదుల్లోంచి వచ్చిన రేడియోగ్రాఫర్లకు రేడియేషన్‌తో జాగ్రత్త తెలుసు, అయస్కాంతంతో తెలియదు. ఎక్స్-రే మీట తీస్తే ఆగిపోతుంది. ఎమ్మారై యంత్రంలోని అతివాహక అయస్కాంతం అలా కాదు, కరెంటు పోయినా దాని బలం పోదు. సుమారు మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో అది రాత్రింబవళ్ళు పనిచేస్తూనే ఉంటుంది. 2001లో న్యూయార్క్ రాష్ట్రంలో గదిలోకి తెచ్చిన ఆక్సిజన్ సిలిండర్‌ను అయస్కాంతం లాక్కోగా ఆరేళ్ళ బాలుడు మరణించాడు. 2018లో ముంబయిలో సిలిండర్‌తో లోపలికి వెళ్ళిన యువకుడూ అలాగే చనిపోయాడు. ఆ పసివాడి మరణం తర్వాత 2002లో అమెరికన్ రేడియాలజీ కళాశాల ఎమ్మారై విభాగాన్ని నాలుగు మండలాలుగా విభజించి, ఎవరు ఎందాకా రావచ్చో నిర్దేశించింది.

శిక్షణకు ఒక రూపం 1990లలో వచ్చింది. 1991లో ఎమ్మారై టెక్నాలజిస్టులకు అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. 1993లో వచ్చిన కేథరిన్ వెస్ట్‌బ్రుక్ పాఠ్యగ్రంథం అనేక దేశాల్లో విద్యార్థుల చేతి పుస్తకమైంది. 1995లో అమెరికా ఎమ్మారైకి విడిగా అర్హత పరీక్ష పెట్టింది. ఈ చదువు మీటలు నొక్కడం నేర్చుకోవడంతో తీరేది కాదు. తగిన కాయిల్ ఎంచుకోవాలి, వెన్నుపూసల మధ్య డిస్కుకు సరిగ్గా సమాంతరంగా స్లైసులు వేయాలి, కదలిక వల్లా లోహం వల్లా పడే చెరుపులను గుర్తుపట్టి సీక్వెన్స్ మార్చాలి. గొట్టంలో భయపడేవారికి ధైర్యం చెప్పి ఊపిరి బిగబట్టించాలి. పేస్‌మేకర్, మెదడులో పాత క్లిప్పు, కంట్లో ఇనుపరజను ఉన్నాయా అని రోగినీ తోడొచ్చినవారినీ ఓపికగా అడగాలి. కృత్రిమ మేధ స్లైసులను తనంతట తానే వేయగలుగుతోంది, స్కాన్ సమయాన్నీ తగ్గిస్తోంది. అయినా ఆ చివరి ప్రశ్నల బాధ్యత మనిషిదే.

తెలుగు రాష్ట్రాల్లో ఇమేజింగ్ టెక్నాలజీలో డిప్లొమా, బీఎస్సీ కోర్సులున్నాయి. వాటిలో ఎక్స్-రే, సీటీ, ఎమ్మారై కలిసే ఉంటాయి. చాలామంది ఎమ్మారై మెళకువలను ఉద్యోగంలో చేరాక సీనియర్ల దగ్గరే నేర్చుకుంటారు. 2021 నాటి జాతీయ అనుబంధ, ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం ఈ వృత్తిని గుర్తించి, అనుబంధ ఆరోగ్య నిపుణులకు కనీసం 2,000 గంటలు, ఆరోగ్య వృత్తి నిపుణులకు 3,600 గంటల చదువు ఉండాలంది. ఆ గంటల్లో ఎమ్మారై గదిలో గడపవలసినవి ఎన్నో విడిగా తేల్చి, అయస్కాంత భద్రతపై ప్రత్యేక పరీక్ష నెగ్గినవారికే యంత్రం అప్పగించే నియమాన్ని ఈ చట్టం కింది రెండు రాష్ట్రాల కౌన్సిళ్ళూ తేవాలి.