పాత కారుకు కొత్త బలము: ఒక ఇంజను చరిత్ర

పూర్వపు విశాఖపట్నం జిల్లా చోడవరం తాలూకాలోని వడ్డాది, 2022 నుండి అనకాపల్లి జిల్లాలోనిది. చోడవరము నుండి వడ్డాది మీదుగా మాడుగుల చేరి, అచ్చటి నుండి కొండదారి పట్టి పాడేరునకు పోవుదురు. వడ్డాది చుట్టుపట్ల చెరకుతోటల నడుమ రోడ్డు చాలవరకు చదును. పాడేరు మాత్రము సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇట్టి దారిలో పాత అంబాసిడర్ కారు ఘాటు ఎక్కునపుడు రొప్పుచుండగా, దాని యజమానికి ఒక ఆలోచన తోచుట సహజము: “ఈ ఇంజనులో ఏవైనా మార్పులు చేసి, దీని బలము పెంచరాదా?”

ఈ ప్రశ్నకు జవాబు ఊహించి చెప్పనక్కరలేదు. ఈ ఇంజను చరిత్రయే దానికి జవాబు చెప్పుచున్నది.

ఒకే ఇంజను, పలు రూపములు

అంబాసిడర్ కారు ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారునకు భారతీయ రూపము. హిందుస్థాన్ మోటార్స్ వారు బెంగాలులోని ఉత్తరపారాలో 1950 దశకము చివర దీని తయారీ ప్రారంభించిరి. 1959 ప్రాంతమున దీనికి 1489 ఘన సెంటీమీటర్ల ఇంజను అమర్చబడినది. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి ‘బి’ శ్రేణికి చెందిన ఈ ఇంజను బలము సుమారు 55 అశ్వశక్తి.

ఇదే శ్రేణి ఇంజను, ఇదే 1489 ఘన సెంటీమీటర్ల పరిమాణముతో, 1955లో ఇంగ్లండులో ఎం.జి.ఎ. అను క్రీడాకారులో వెలసినది. అచ్చట దాని బలము మొదట 68, తరువాత 72 అశ్వశక్తి. సిలిండర్లు పెద్దవి కాలేదు. మరి ఈ అదనపు బలము ఎచ్చటి నుండి వచ్చినది?

ఇంజను బలము మూడు విషయములపై ఆధారపడును. ఒక్కొక్క ఊపిరికి సిలిండరులోనికి ఎంత గాలి, పెట్రోలు చేరునది. ఆ మిశ్రమమును పిస్టను ఎంత గట్టిగా అదుమునది. నిమిషమునకు ఇంజను ఎన్ని చుట్లు తిరుగునది. ఎం.జి.ఎ.లో ఒక కార్బురేటరుకు బదులు రెండు ఉంచి, గాలి సులభముగా పోవునట్లు చేసిరి. అదుముటను, అనగా సంపీడన నిష్పత్తిని, 8.3కు పెంచిరి. గరిష్ఠ బలము కొరకు ఇంజనును నిమిషమునకు 5500 చుట్లు తిరుగనిచ్చిరి.

సంపీడనమువలన కలుగు లాభమును విద్యార్థులు స్వయముగా లెక్కింపవచ్చును. జర్మనీలో నికొలాస్ ఆటో 1876లో నాలుగు ఘాతముల ఇంజనును నిర్మించెను. ఆయన పేర నిలిచిన ఆదర్శ చక్రములో సంపీడన నిష్పత్తి 7 అయిన సామర్థ్యము 54 శాతము. నిష్పత్తి 9 అయిన 58.5 శాతము. అనగా అదే పెట్రోలుతో సుమారు 8 శాతము ఎక్కువ పని జరుగును. నిజమైన ఇంజనులో ఈ అంకెలు చాల తక్కువగా ఉండును గాని, పెరుగుదల ఈ దిశలోనే ఉండును.

ఆశకు హద్దు

ఈ విజయము చూచి ఆ సంస్థవారు మరింత ముందుకు పోయిరి. 1958లో రెండు కామ్‌షాఫ్టులు గల ఎం.జి.ఎ. ట్విన్ కామ్ వెలువడినది. దాని ఇంజను 1588 ఘన సెంటీమీటర్లు. సంపీడన నిష్పత్తి 9.9, బలము 108 అశ్వశక్తి. పరుగులో అది అందరిని మెప్పించినది. కాని కొద్ది కాలమునకే పిస్టనులకు చిల్లులు పడుచున్నవను ఫిర్యాదులు వచ్చినవి. తరువాత సంపీడన నిష్పత్తిని 8.3కు తగ్గించిన పిదప గాని ఆ బాధ చాలవరకు తగ్గలేదు. అప్పటికే కారు పేరు చెడినది. 1960లో దాని తయారీ నిలిచిపోయినది.

ఇట్లేల జరిగినది? మిశ్రమమును మితిమీరి అదిమినచో అది మిక్కిలి వేడెక్కును. స్పార్కు ప్లగ్గు నుండి మంట క్రమముగా వ్యాపించుటకు ముందే, మూలనున్న మిశ్రమము తనంత తాను ఒక్కసారిగా ప్రేలును. దీనినే మెకానిక్కులు ‘నాకింగ్’ అందురు. ఆ ప్రేలుడు పిస్టను తలపై సమ్మెట దెబ్బవంటిది. దానిని అరికట్టుటకు 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ పెట్రోలులో సీసపు సమ్మేళనమును కలిపెను. సీసము విషమగుటచే మన దేశములో 2000 సంవత్సరము నుండి సీసము లేని పెట్రోలునే అమ్ముచున్నారు. ఆ సీసము పాత ఇంజనుల వాల్వుల పీఠములకు రక్షణగా కూడ ఉండెడిది. ఇపుడా రక్షణ లేదు గనుక, అట్టి ఇంజనును మరింత వేగముగా, వేడిగా నడుపుట పీఠములను త్వరగా అరుగజేయును.

ఇంకొక చిక్కు గలదు. ఇంజను తిరుగు వేగము 4400 చుట్ల నుండి 5500కు, అనగా ఒకటింపావు రెట్లు పెరిగినచో, కనెక్టింగు రాడ్లపై పడు జడత్వ బలము ఒకటిన్నర రెట్లకు మించును. ఏలయన అది వేగము యొక్క వర్గమునుబట్టి పెరుగును. ఈ ఇంజను క్రాంకుషాఫ్టునకు ఆధారమిచ్చు బేరింగులు మూడే. ఇదే శ్రేణి ఇంజను ఎం.జి.బి. కారులో 1798 ఘన సెంటీమీటర్లకు పెరిగిన పిమ్మట, 1964లో బేరింగులను అయిదు చేయవలసి వచ్చినది.

ఘాటుకు ఎంత బలము కావలెను?

మనుషులతో, సామానుతో కలిసి 1500 కిలోగ్రాముల కారు, ప్రతి 15 మీటర్లకు ఒక మీటరు లేచు వాలుపై గంటకు 30 కిలోమీటర్ల వేగముతో ఎక్కుచున్నదనుకొందము. బరువును పైకెత్తుటకు సుమారు 11 అశ్వశక్తి, చక్రముల రాపిడికి రెండున్నర కావలెను. గేర్లలో జరుగు నష్టము కలిపినను 16కు మించదు. ఎత్తున గాలి పలుచనగుటచే పాడేరు చేరునప్పటికి ఇంజను బలము దాదాపు పదవవంతు తగ్గును. అయినను ఆరోగ్యముగా ఉన్న ఇంజనుకు ఇంకను 50 అశ్వశక్తి వరకు మిగులును.

కావున రొప్పుటకు కారణము తయారీలోని లోపము గాదు. అరిగిన పిస్టను రింగులు, సరిగా మూయని వాల్వులు, తప్పిన ఇగ్నిషన్ టైమింగు, పూడిన రేడియేటరు, సమయమునకు గేరు మార్చకపోవుట — కారణములు వీనిలోనే వెదకవలెను.

దిగునపుడు సంగతి మరింత ముఖ్యము. అదే కారు 800 మీటర్లు క్రిందికి దిగునపుడు విడుదలగు శక్తి 40 లీటర్ల నీటిని 30 డిగ్రీల నుండి మరుగు స్థితికి తేగలదు. ఇందులో కొంత గాలి, చక్రములు, ఇంజను గ్రహించినను, మిగిలిన వేడి బ్రేకులపై పడును. ఇంజను బలము పెంచి పాత డ్రమ్ము బ్రేకులనే ఉంచుట ప్రాణములతో చెలగాటము.

తయారీదారుల మార్గము, చట్టము

హిందుస్థాన్ మోటార్స్ వారు సుమారు 1980లో అంబాసిడర్‌కు డీజిలు ఇంజను అమర్చిరి. దాని బలము 40 అశ్వశక్తి కూడ లేదు. అయినను చౌక ఇంధనము కొరకు జనులు దానినే కోరిరి. 1990 దశకపు తొలినాళ్లలో 75 అశ్వశక్తి గల ఇసుజు ఇంజనును ప్రవేశపెట్టినపుడు, దానితో అయిదు గేర్ల పెట్టెను కూడ ఇచ్చిరి. 2014లో ఈ కారు తయారీ ఆగిపోయినది.

మోటారు వాహనముల చట్టము (1988) 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్దేశించి రిజిస్ట్రేషను పత్రములో నమోదైన వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదు. గ్యాసు, బ్యాటరీ వంటి వేరు ఇంధనములకు మార్చుకొనుటకు మాత్రము షరతులతో అవకాశమున్నది.

ఇంకొక సంగతి చెరకు పండించు ఈ ప్రాంతమువారు గమనింపదగినది. చెరకు మడ్డి నుండి తీయు ఇథనాలు నాకింగును బాగుగా తట్టుకొనును. 2023 నుండి 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలు మన దేశములో అమ్మకమునకు వచ్చినది. అయితే ఇథనాలులోని ఆక్సిజను వలన పాత కార్బురేటరులో మిశ్రమము పలుచనగును. పాత రబ్బరు గొట్టములు చెడిపోవును. కావున పాత కారునకు నేడు నిజముగా కావలసిన మార్పు బలము కొరకు కాదు. కొత్త ఇంధనమును తట్టుకొను గొట్టములు, దానికి తగిన జెట్లు అమర్చుకొనుట కొరకు.

ఇంజను, గేర్లు, చక్రములు, బ్రేకులు ఒకే గొలుసులోని లంకెలు. ఒక లంకెను మాత్రమే లావు చేసినంతమాత్రమున గొలుసు బలపడదు. తెగు చోటు మారును, అంతే. పాత ఇంజనుకు పుట్టుకతో వచ్చిన బలమును తిరిగి దానికి చేకూర్చుటయే మొదటి పని. పెక్కు కార్లకు అదియే చాలును.