సెట్ ఆఫ్ : ఒక జంటమాట చరిత్రము

దిల్‌సుఖ్‌నగరు మొదలుకొని ఎల్.బి. నగరు వరకు గల బాటకు ఇరుప్రక్కల ఆంగ్లము నేర్పెదమను ఫలకములు పెక్కు కాననగును. పల్లెలనుండి వచ్చి, అద్దెగదులలో నుండి, ఉద్యోగమునకై చదువుకొను యువకులు వల్లెవేయు పట్టికలలో మిక్కిలి బాధించునవి 'సెట్ ఆఫ్' వంటి జంటమాటలు. సెట్ అనగా ఉంచుట. ఆఫ్ అనగా తొలగి. రెండును గలిసినచో బయలుదేరుట యెట్లయ్యెనని యొక విద్యార్థి నన్నడిగెను. తనకు తెలివి చాలదేమో యని అతని దిగులు.

ఈ చిక్కు నేటిది గాదు. 1755లో తన నిఘంటువును ప్రకటించిన సామ్యుయల్ జాన్సన్ పండితుడు, ఇట్టి కూటములు పరదేశీయులకు మిక్కిలి కష్టము కలిగించునని పీఠికయందే యొప్పుకొనెను. అతడచ్చట 'సెట్ ఔట్' అనగా ప్రయాణ మారంభించుట యనియు, 'సెట్ ఆఫ్' అనగా అలంకరించుట యనియు వ్రాసెను. నేడు బయలుదేరుట యను అర్థమే పట్టికల కెక్కినను, శోభ కూర్చుట యను అర్థమును చావలేదు. ఇట్టి క్రియలకు 'ఫ్రేజల్ వెర్బ్' అను పేరును 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ తన గ్రంథమున వాడి, అది హెన్రీ బ్రాడ్లీ సూచించినదని తెలిపెను. పేరుకన్న ప్రయోగము ఎంతయో పెద్దది.

మనకిది క్రొత్తయా? హృ ధాతువొక్కటియే, ఆహారము, విహారము, సంహారము, పరిహారము అను వాని యర్థములు వేరు. వేదభాషలో ఉపసర్గ క్రియకు ఎడముగా నిలుచుటయు గలదు. తరువాతి సంస్కృతమున అది క్రియకు ముందు అతుకుకొన్నది. ఆంగ్లమున అట్టి మాట క్రియకు వెనుక చేరినది. తెనుగునను 'వాడు పైకి వచ్చినాడు' అన్నచో మేడ యెక్కినాడో, వృద్ధిలోనికి వచ్చినాడో సందర్భమే చెప్పును. ఏ పిల్లవాడును దీనిని పట్టికలో చదువలేదు. వాక్యములో విన్నాడు, వాడినాడు.

కావున లోపము విద్యార్థి బుద్ధిది గాదు, మన బోధనది. మాటలను విడదీసి అర్థములు కంఠస్థము చేయించుట మాని, తన భాషలో తానెరిగిన మర్మమును ముందు చూపి, పిమ్మట ఆంగ్లవాక్యములను వినిపింపవలెను. పైకి రావలెనని నగరమునకు వచ్చిన బిడ్డకు ఆ మాటయే మొదటి పాఠము కాదగును.