హిండ్‌హీడ్ క్వారీ: మనం రోజూ పోసే కంకర కథ

మొన్న ఆదివారం ఓటీ లేదు. రూంలో అందరూ లిటిల్ ఇండియా పోతుంటే నేను బ్యూటీ వరల్డ్‌లో రైలు దిగి బుకిట్ తిమా గుట్ట దిక్కు నడిచిన. గుట్ట కిందనే హిండ్‌హీడ్ నేచర్ పార్కు ఉన్నది. టికెట్ లేదు. చెట్ల మధ్యన కొద్దిసేపు నడిస్తే చూడటానికి కట్టిన ప్లాట్‌ఫాం వస్తది. ముందర పచ్చటి నీళ్ళు, వెనక నిట్టనిలువు రాతి గోడ, గోడ సందుల్లోంచి మొలిచిన చెట్లు. అందరూ ఫోటోలు దిగుతున్నరు. నేను ఆ గోడనే చూస్తూ నిలబడ్డ. మందు పెట్టి పేల్చిన రాయి ముఖం ఎట్ల ఉంటదో మనలాంటోళ్ళకు ఎవరూ చెప్పనక్కర లేదు.

బుకిట్ తిమా సింగపూర్‌లో అన్నిటికన్నా ఎత్తైన గుట్ట. ఎత్తు 163 మీటర్లు. అంటే మనం కట్టే పెద్ద టవర్లు దాన్ని దాటిపోయినయి. అందులో ఉన్న గ్రానైటు 20 కోట్ల ఏళ్ళకు పైబడిందట. 1883లోనే బ్రిటిష్ వాళ్ళు ఇక్కడి అడవిని రిజర్వు అన్నరు. అయినా పక్కనుంచి రాయి తీస్తనే వచ్చిన్రు. గుట్ట చుట్టూ హిండ్‌హీడ్, సింగపూర్ క్వారీ, డెయిరీ ఫాం క్వారీ లాంటి గుంతలు పడ్డయి.

ఆ రాయి ఎటు పోయింది? మలేసియాకు పోయే కాజ్‌వే తెలుసు కదా, పొద్దున లక్షల మంది దాటే దారి. 1919లో పని మొదలుపెట్టి 1924లో తెరిచిన్రు. సముద్రంలో పోసిన ఆ బండలు బుకిట్ తిమా నుంచి, ఊబిన్ ద్వీపం నుంచి వచ్చినయి. అంతకు ముందు 1850, 51లో కట్టిన హార్స్‌బర్గ్ లైట్‌హౌస్‌కు కూడా ఊబిన్ రాయే. 1960లో హెచ్‌డీబీ వచ్చినంక ఇంక చెప్పేది ఏమున్నది, ఫ్లాట్ల మీద ఫ్లాట్లు. కాంక్రీటులో డెబ్బై వంతుల దాకా కంకర, ఇసుకనే కదా.

ఊబిన్‌లో చివరి క్వారీ 1999లో మూతపడ్డది. తర్వాత రాయి, ఇసుక బయట దేశం నుంచే. 2007లో ఇండోనేసియా ఇసుక బంద్ పెట్టింది, గ్రానైటు బార్జిలను కూడా ఆపింది. అప్పుడు నేను కొత్త. కాస్టింగ్ ఈ రోజు లేదు, రేపు లేదు అంటుంటే ఓటీ పోయిందని ఏడ్చిన. కంకర విలువ నాకు ఆ నెలలోనే తెలిసింది.

క్వారీ నడిచినన్ని రోజులు పంపులు పెట్టి నీళ్ళు తోడుతరు. పంపు ఆపితే ఊట నీళ్ళు, వాన నీళ్ళు చేరి చెరువు అయితది. మన బేస్‌మెంట్ పనిలో చూస్తనే ఉంటం. హిండ్‌హీడ్‌లో అట్లనే అయింది. కానీ వీళ్ళు దాన్ని అట్ల వదిలిపెట్టలేదు. కంచె వేసిన్రు, దారి వేసిన్రు, 2001లో పార్కు చేసిన్రు. నీళ్ళల్లోకి ఎవరినీ దిగనియ్యరు. పార్కుకు, రోడ్డుకు ఉన్న పేరు క్వారీ నడిపిన డెన్మార్క్ ఇంజనీరుది. రాయి కొట్టినోళ్ళ పేర్ల కోసం బోర్డులన్నీ చదివిన, ఒక్కటి కనపడలే.

ఇదంతా ఎందుకు రాస్తున్న అంటే, మాది కరీంనగర్ దిక్కు. మా బాపు క్వారీల పనిచేసిండు. మా గుట్ట బండలు లారీ ఎక్కి, రైలు ఎక్కి, కాకినాడ నుంచి ఓడలో చైనా పోయినయి. ఇప్పుడు గుట్ట సగమే ఉన్నది. పాత గుంతల నీళ్ళు నిండినయి, చుట్టూ కంచె లేదు. పోయినేడు బర్రె పడి చచ్చింది. మా చిన్నోడు అండ్ల ఈతకు పోతున్నడని మా ఇంటామె ఫోన్‌ల ఏడుస్తది. ఇప్పుడు క్వారీని పెంచుతమని, గుట్ట పక్కన మా ఎకరం అమ్మమని బ్రోకరు తిరుగుతున్నడు.

పార్కు బెంచి మీద కూసోనే తమ్మునికి ఫోన్ చేసిన. సంతకం పెట్టకు, ఆగు అన్న. వానికి కోపం వచ్చింది. వాని మాటలోనూ న్యాయం ఉన్నది. ఆ పైసలు నేను ఇక్కడ నాలుగేండ్లు ఓటీ చేసినా మిగలవు. అప్పు కూడా ఉన్నది. సరే, ముందుగాల గుంత చుట్టూ కంచె ఎవరు కడతరు, రాయి అయిపోయినంక గుంతను ఏం చేస్తరు, అది కాయితం మీద రాయించు అని చెప్పిన. గోడ ఫోటో కూడా పంపిన.

బ్రోకరు ఇంకా జవాబు ఇయ్యలే. మీ ఊర్లల్ల ఎవరన్న అట్ల రాయించుకున్నోళ్ళు ఉంటే కామెంట్ల చెప్పుండ్రి. వచ్చే ఆదివారం లోపల నేను తమ్మునికి ఏదో ఒకటి చెప్పాలె.